సుత్తికి కట్టిన దుర్భిణి

అరచేతిలో పెట్టుకుంటే మూడు కోడిగుడ్ల బరువు. తూకం వేస్తే 184 గ్రాములు. పొడవు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. నల్లటి అల్యూమినియం గొట్టం. మామూలు వేట స్కోపులు ముందువైపు సన్నాయి మూతిలా విచ్చుకుంటాయి, ఇది చివరిదాకా ఒకే లావు. కంటివైపు మాత్రం కాస్త ఉబ్బు. నడుమ రెండు చిన్న మూతలు, వాటి కింద గురి సరిచేసే మరలు. జూమ్ లేదు, వెలిగే ఎర్రచుక్క లేదు, పక్కన మూడో గుండీ లేదు. ఎదురుగా ఉన్నదాన్ని రెండున్నర రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. ల్యూపోల్డ్ కంపెనీవాళ్ల ఎఫ్‌ఎక్స్–2 అల్ట్రాలైట్ 2.5×20 ఇది.

మొదటిసారి దీన్ని చూసినప్పుడు పిల్లల తుపాకీ మీద పెట్టేదేమో అనుకున్నాను. ఆఫ్రికా అడవిదున్నను పడగొట్టే రైఫిల్ మీదికి దీన్నే ఎంచుకున్నారని తెలిశాక దగ్గర కూర్చుని, తిప్పి తిప్పి చూశాను.

నేను వేటగాణ్ణి కాను. ముప్పై ఏళ్లు కాలువల సర్వే చేసినవాణ్ణి. డంపీ లెవెలూ, థియోడొలైటూ నా చేతి పనిముట్లు. జీపులో వెళ్లేటప్పుడు వాటి పెట్టెను వెనక సామాన్లలో పడేసేవాళ్లం కాదు. ఖలాసీ ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తిపట్టేవాడు. ఎక్కడైనా దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజు పని ఆపేసి టూ–పెగ్ టెస్ట్ చేసేవాళ్లం. దుర్భిణిలో కనిపించే అడ్డగీత నిజంగా మట్టంలో ఉందని తేలాకే స్టాఫ్ అనే కొలతకర్ర మీద అంకె చదివేవాళ్లం. గీత వెంట్రుకవాసి జరిగితే కాలువ అడుగులో తేడా వస్తుంది, తేడా వచ్చిన కాలువలో నీళ్లు పారమన్నా పారవు.

రైఫిల్ స్కోపు కూడా అచ్చంగా అలాంటి పరికరమే. ముందు ఒక లెన్సు, నడుమ అడ్డగీతలు, కంటి దగ్గర మరో లెన్సు. మేం పరికరాన్ని ఒళ్లో పెట్టుకుని మోసేవాళ్లం. వేటగాడు దాన్ని సుత్తికి కట్టి కొడతాడు, కొట్టిన ప్రతిసారీ గీత వెంట్రుకవాసి కూడా జరగకూడదంటాడు. ఈ రెండో పని ఎలా సాధ్యమైందన్నది నా జీవితంలో చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పటి నుంచి ఆ చేతిపనికి మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

ముందు సుత్తి ఎంతదో చెప్పాలి.

మా మేనల్లుడు అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో, హిల్స్‌బరోలో ఉంటాడు. చిప్‌ల తయారీలో ఉద్యోగం. ఆ చుట్టుపక్కల తెలుగు ఇంజనీర్ల కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాడితో పనిచేసే ఒకాయన ఆఫ్రికాకు వేటకు వెళ్లబోతూ తన రైఫిల్‌ను సిద్ధం చేసుకుంటున్నాడు. ఒక శనివారం వాడు నన్ను ఆయనతోపాటు షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. ఆ రైఫిల్‌ది .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం తూటా. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు 1912లో తెచ్చింది. నూరేళ్లు దాటినా ఆఫ్రికాలో పెద్ద జంతువుల వేటకు ఇప్పటికీ ఇదే కొలమానం. చాలాచోట్ల ఇంతకన్నా చిన్న తూటాతో దున్న మీదికి వెళ్లనివ్వరు.

గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు. అది సెకనుకు దాదాపు 770 మీటర్ల వేగంతో పోతుంది. దాని వెనక మండిన మందు వాయువు ఇంకా వేగంగా పోతుంది. ఈ రెండింటి బాకీ రైఫిల్ తీర్చాలి. నాలుగు కిలోల రైఫిల్ సెకనుకు ఐదు మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఛాతీ ఎత్తు నుంచి అదే రైఫిల్‌ను జారవిడిస్తే నేలను తాకేటప్పటికి ఎంత వేగం ఉంటుందో అంత. ఎక్కువమంది వేటగాళ్లు వాడే .30–06 తన్నుకు ఇది దాదాపు రెండింతలు. 1956లో వించెస్టర్ తెచ్చిన .458 మాగ్నం దీనికన్నా ఒకటిన్నర రెట్ల పైనే తంతుంది.

“మావయ్యా, బల్ల ముందు కూర్చుని కాల్చకండి. నిలబడి కాల్చండి” అన్నాడు మేనల్లుడు.

“నేను కాల్చాలట్రా?”

“ఒక్కటే. కూర్చుంటే ఒళ్లు వెనక్కి పోవడానికి చోటుండదు, దెబ్బంతా భుజమే తినాలి. నిలబడితే మనిషి ఊగుతాడు, అంత తెలీదు.”

నిలబడే కాల్చాను. నొప్పికన్నా ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. ఎవరో పెద్దమనిషి రెండు చేతులతో భుజం పట్టి తోసినట్టయింది. చెవుల మీద మఫ్‌లు ఉన్నా దవడ ఎముకలో చప్పుడు వినిపించింది. ఆ తోపు నా ఒంటికి తెలిసేది మెల్లగా, కండ మీదుగా, ఊగిసలాడుతూ. స్కోపుకు ఆ వెసులుబాటు లేదు. అది ఉక్కుకు బిగించి ఉంటుంది. గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువసేపు. రైఫిల్ తన వేగంలో చాలామటుకు ఆ లోపే అందుకుంటుంది. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేశాను. ఆ కాస్తసేపూ స్కోపు మీద పడే ఒత్తిడి సగటున దాని బరువుకు 300 రెట్ల దగ్గర తేలింది. సగటే అంత అయితే, మందు భగ్గుమన్న క్షణంలో ఇంకా ఎక్కువ.

ఈ 300 రెట్లనే బస్తాల్లోకి మార్చి చూడండి. 184 గ్రాముల స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచడానికి రింగులు 55 కిలోల బరువుకు ఆగాలి, అంటే ఒక బియ్యం బస్తా. 700 గ్రాముల స్కోపయితే 210 కిలోలు, నాలుగు బస్తాలు. ప్రతి తూటాకూ, ప్రతిసారీ. గట్టి స్కోపంటే లావుగా, బరువుగా ఉండాలని నేను అంతవరకూ అనుకుంటూ వచ్చిన మాట అక్కడే తప్పని తేలింది. బరువే శత్రువు. స్కోపులో పెంచిన ప్రతి గ్రామూ, అది గాజు కానీ గుండీ కానీ, దెబ్బ పడినప్పుడు 300 గ్రాములై ఆ స్కోపునే తంతుంది.

ఆఫ్రికాకు వెళ్లబోతున్న ఆ పెద్దాయన రైఫిల్ మీద అంతకుముందు ఉన్నది అలాంటి 700 గ్రాములదే. పెద్ద కన్ను, పెద్ద జూమ్. ఎవరు చేశారో చెప్పను, అది ఇక్కడ అనవసరం. ముప్పై చిల్లర తూటాల తర్వాత గుళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా పోయిందట. మొదట ఆయన తన భుజాన్ని అనుమానించాడు, తర్వాత తూటాలను, ఆ తర్వాత రైఫిల్ చెక్కను. అనుమానం స్కోపు మీదికి వచ్చింది అన్నిటికన్నా చివర. సర్వేలోనూ ఇంతే. లెక్క తేలకపోతే ముందు స్టాఫ్ పట్టుకున్న కుర్రాణ్ణి తిడతాం.

ఆ స్కోపును ఆయన గ్యారేజీలో విప్పి పెట్టి ఉంచాడు. ఒక పూట దాని ముందే గడిపాను.

స్కోపంటే గొట్టంలో గొట్టం. ముందు లెన్సు దృశ్యాన్ని తలకిందులు చేస్తుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి లోపల రెండో గొట్టం, దాంట్లో ఇంకొన్ని లెన్సులు ఉంటాయి. ఎరెక్టర్ ట్యూబ్ అంటారు దాన్ని. ఈ లోపలి గొట్టం వెనక కొన దగ్గర ఒక కీలు మీద ఆగి ఉంటుంది, ముందు కొన గాల్లో ఉంటుంది. పైనుంచి ఒక మర, పక్కనుంచి ఒక మర దాన్ని నెడతాయి. ఎదురు మూల నుంచి ఒక స్ప్రింగు దాన్ని ఆ మరల కేసి అదిమి పట్టి ఉంచుతుంది. మనం పైన మూత తీసి తిప్పేది ఆ మరలనే. గురి సరిచేయడం అంటే ఈ లోపలి గొట్టం కొనను కాస్త అటూ ఇటూ జరపడం.

ఆ “కాస్త” ఎంతో చూస్తే గుండె ఝల్లుమంటుంది. అమెరికన్ వేట స్కోపుల్లో సాధారణంగా ఒక క్లిక్ అంటే నాలుగో వంతు మినిట్. థియోడొలైట్ చదివినవాళ్లకు మినిట్ కొత్త కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. నూరు గజాల దగ్గర ఒక క్లిక్‌కు గుండు పావు అంగుళం జరుగుతుంది. స్కోపు లోపల అదే క్లిక్‌కు, ముందు లెన్సు నాభ్యంతరం పది సెంటీమీటర్లు అనుకుంటే, గొట్టం కొన కదిలేది మిల్లీమీటరులో వందో వంతు కన్నా తక్కువ. తలవెంట్రుక మందంలో పదో వంతు. ఒక్క నిండు వెంట్రుక మందం జరిగిందా, నూరు గజాల దగ్గర గుండు రెండున్నర అంగుళాలు తప్పుతుంది.

300 రెట్ల బరువుతో అటూ ఇటూ కొట్టుకునే ఒక చిన్న గొట్టాన్ని, వెంట్రుకలో పదో వంతు కూడా జరగకుండా, ఒక చిన్న స్ప్రింగు పట్టి ఉంచాలి. దెబ్బ పడిన క్షణంలో స్ప్రింగు కాస్త ఒంగినా ఫరవాలేదు. గొట్టం తిరిగి వచ్చి అదే మర కొన మీద, అదే చోట కూర్చోవాలి. గీత రాకూడదు, గుంట పడకూడదు, స్ప్రింగు అలసిపోకూడదు. ఆయన గ్యారేజీలో చచ్చిపడి ఉన్న స్కోపులో జరిగింది ఇదే. ఒకే ఒక పల్చటి రేకు స్ప్రింగు మీద బరువైన జూమ్ గొట్టాన్ని ఆనించారు. స్ప్రింగు వంపు తగ్గిపోయింది. గొట్టాన్ని వేలితో నొక్కి వదిలితే ఒకసారి ఒకచోట ఆగింది, ఇంకోసారి ఇంకోచోట.

మంచి చేతుల్లో ఇదే సమస్యకు రకరకాల జవాబులు వచ్చాయి. ఆస్ట్రియాలో టైరోల్ కొండల్లోని స్వరోవ్‌స్కీ ఆప్టిక్ వాళ్లు రేకును వదిలేసి నాలుగు చుట్ట స్ప్రింగులతో గొట్టాన్ని నాలుగు వైపుల నుంచీ పట్టారు. ల్యూపోల్డ్ తమ వీఎక్స్–3 వరసలో స్ప్రింగులను రెండు చేసింది. నా చేతిలోని ఈ చిన్న 2.5 రెట్ల స్కోపు జవాబు వేరు. స్ప్రింగుకు బలం పెంచే బదులు అది మోసే బరువును తగ్గించారు.

జూమ్ ఉన్న స్కోపులో ఎరెక్టర్ లెన్సులు ముందుకూ వెనక్కూ నడవాలి. అందుకోసం లోపలి గొట్టం చుట్టూ మరో గొట్టం తొడుగుతారు. దానికి మెలికలు తిరిగిన గాళ్లు కోస్తారు. ఆ గాళ్లలో చిన్న పిన్నులు, పిన్నులకు లెన్సు గూళ్లు. కంటి దగ్గర రింగు తిప్పితే పిన్ను గాడిలో జారి లెన్సు నడుస్తుంది. జారాలంటే సందు ఉండాలి, సందు ఉంటే కదలిక ఉంటుంది. ప్రతి దెబ్బకూ పిన్ను గాడి అంచును కొడుతుంది. నాసిరకం పనిలో కొన్ని వందల దెబ్బల తర్వాత ఆ సందు పెరిగి, జూమ్ మార్చినప్పుడల్లా గురి మారడం మొదలవుతుంది. మంచివాళ్లు ఆ సందును మైక్రాన్లలో పట్టుకుంటారు, అది నిజంగా గొప్ప పని. కానీ 2.5×20లో గాడి లేదు, పిన్ను లేదు, పై తొడుగు లేదు. లెన్సులు తమ గూళ్లలో మర రింగులతో బిగిసి కూర్చున్నాయి. కదలాల్సిన భాగమే లేనప్పుడు అరగడం ఎక్కడిది? ఏం పెట్టకూడదో అంత తెగువగా ఎంచుకున్న పని నేను చాలా తక్కువ చూశాను.

కంటి నుంచి స్కోపు ఎంత దూరంలో ఉండాలన్నది ఇంకో లెక్క. మామూలు వేట స్కోపుకు మూడున్నర అంగుళాల దగ్గర కన్ను పెడితేనే బొమ్మ నిండుగా కనిపిస్తుంది. .375 తన్నినప్పుడు ఆ మూడున్నర అంగుళాలు ఎటు పోతాయో తెలియదు. స్కోపు అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీసి పోతుంది. ఆ రేంజిలో ఇద్దరు ముగ్గురి కనుబొమ్మల మీద ఆ పాత మచ్చ చూశాను. ఈ స్కోపుకు కంటి దూరం 4.9 అంగుళాలు, అంటే పన్నెండు సెంటీమీటర్ల పైన. ఇది ఊరికే రాలేదు. కంటివైపు లెన్సు వెడల్పు పెంచకుండా కంటి దూరం పెంచాలంటే, పెద్దది చేసి చూపే శక్తినో, కనిపించే మేరనో తగ్గించుకోవాలి. వాళ్లు శక్తిని తగ్గించుకున్నారు. రెండున్నర రెట్ల దగ్గర ఆగారు కాబట్టే కంటికి అంత దూరమూ, నూరు గజాల దగ్గర దాదాపు నలభై అడుగుల మేరా రెండూ దక్కాయి.

వెలుగు లెక్క కూడా ఇందులోనే ఇమిడిపోయింది. ముందు లెన్సు వెడల్పు 20 మిల్లీమీటర్లే, చూస్తే చిన్నగా అనిపిస్తుంది. కానీ ఇరవైని రెండున్నరతో భాగిస్తే ఎనిమిది. స్కోపు నుంచి కంటికి వచ్చే వెలుగు కడ్డీ లావు ఎనిమిది మిల్లీమీటర్లన్నమాట. చీకట్లో పడుచువాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, నా వయసువాళ్లకు అంత కూడా రాదు. అంటే మునిమాపు వేళ కన్ను తాగగలిగినంత వెలుగు ఈ చిన్న గొట్టమే పోస్తుంది. తల కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ పోదు. పొద వెనకనుంచి దున్న లేచినప్పుడు తలను కొలిచి పెట్టుకునే తీరిక ఎవరికుంటుంది?

అడ్డగీతల సంగతీ చెప్పుకోవాలి. బయటివైపు లావుగా, నడిమికి వచ్చేసరికి సన్నంగా మారే గీతలవి. డ్యూప్లెక్స్ అని ల్యూపోల్డ్ 1962లో తెచ్చింది. చీకటి పడుతుంటే సన్నగీత ముందు మాయమవుతుంది, లావుగీతలు మిగిలి, వాటి మధ్య ఖాళీయే గురి అవుతుంది. ఎంత సులువైన ఆలోచనో! ఆ తర్వాత స్కోపులు చేసే దాదాపు ప్రతివాళ్లూ దాన్ని తమ పేరుతో పెట్టుకున్నారు.

ఈ కంపెనీ పుట్టుక నా పనికి ఇంత దగ్గరదని తెలిసినప్పుడు నిజంగా ఒళ్లు పులకరించింది. ఫ్రెడ్ ల్యూపోల్డ్, ఆయన బావమరిది ఆడమ్ వోల్పెల్ కలిసి 1907లో పోర్ట్‌లాండ్‌లో పెట్టిన దుకాణం సర్వే పరికరాలు బాగుచేసేది. తర్వాత స్టీవెన్స్ అనే జలశాస్త్ర ఇంజనీరు వచ్చి, తాను రూపొందించిన నీటిమట్టం నమోదు చేసే యంత్రాన్ని వాళ్ల చేత చేయించాడు. ఆయన పేరు కూడా కంపెనీ పేరులో చేరి ల్యూపోల్డ్ అండ్ స్టీవెన్స్ అయింది. అంటే లెవెలూ, నీటిమట్టమూ కొలిచిన చేతులే స్కోపులోకి వచ్చాయి. ఎందుకు వచ్చాయన్నదానికి కంపెనీ చెప్పుకునే కథ ఒకటుంది. ఫ్రెడ్ కొడుకు మార్కస్ జింక వేటకు వెళ్తే స్కోపులో ఆవిరి పట్టి గురి తప్పింది. ఇంతకన్నా మంచిది నేనే చేస్తానని ఆయన అక్కడే అనుకున్నాడట. ఒరెగాన్ వానలు చూసినవాళ్లకు ఆ కోపం అర్థమవుతుంది. మొదటి స్కోపు ప్లెయిన్స్‌మన్ 1947లో వచ్చింది. గొట్టంలోని తడిగాలిని తోసేసి పొడి నైట్రోజన్ నింపి మూసేయడమే ఆ ఆవిరికి మందు. ఆ వాయువు బయటికి పోకుండా, చెమ్మ లోపలికి రాకుండా ప్రతి అతుకు దగ్గరా రబ్బరు రింగు ఉంటుంది. ఆ రబ్బరు రింగూ ఈ తన్నులన్నీ తినాల్సిందే.

అదే రోజుల్లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో విలియం వీవర్ అనే ఆయన సామాన్యుడు కొనగలిగే ఉక్కు గొట్టం స్కోపులు చేసి పెట్టాడు. ఆయన కే–2.5 కూడా తక్కువ శక్తితో, సాదాగా ఉండేదే. రెండున్నర రెట్ల గొట్టం గొప్పతనం తెలిసినవాళ్లు అప్పటికే ఉన్నారు.

ఇప్పుడు ల్యూపోల్డ్ కార్ఖానా హిల్స్‌బరోకు పక్కనే, బీవర్టన్‌లో ఉంది. అక్కడ పనిషర్ అని ఒక యంత్రం ఉంది. కొత్తగా గీసిన ప్రతి నమూనా స్కోపునూ దానికి బిగించి, .308 రైఫిల్ తన్నుకు మూడు రెట్ల దెబ్బ చొప్పున 5,000 దెబ్బలు కొడతారు. ఒక వేటగాడు జీవితమంతా .375 కాల్చినా 5,000 తూటాలు కాల్చడు, భుజం ఒప్పుకోదు. మా ఖలాసీ ఒళ్లో మోసిన పరికరం వంశంలో పుట్టిన బిడ్డకు ఇలాంటి పరీక్ష పెట్టారు.

స్కోపు ఎంత మంచిదైనా రైఫిల్‌కు దాన్ని పట్టి ఉంచేవి నాలుగు చిన్న మరలు. అమెరికన్ రైఫిళ్లలో చాలాకాలంగా వాడుతున్నది ఆరో నంబరు మర, లావు మూడున్నర మిల్లీమీటర్లు. నాలుగు బస్తాల బరువు పక్కనుంచి తోస్తే తెగేది అదే. అందుకే పెద్ద రైఫిళ్లు సిద్ధం చేసే పనివాళ్లు ఆ రంధ్రాలను పెద్దవి చేసి ఎనిమిదో నంబరు మరలు దింపుతారు. లావు తేడా అర మిల్లీమీటరు పైన, అంతే. కానీ తెగాల్సిన లోహం నలభై శాతం పెరుగుతుంది. నాకు ఇంతకన్నా నచ్చింది చెక్ దేశపు సీజెడ్ 550 పద్ధతి. రైఫిల్ ఉక్కునే మలిచి పైన పట్టాలు తీర్చారు, రింగు నేరుగా వాటినే పట్టుకుంటుంది. తెగడానికి నడుమ మరే లేదు. అమెరికాలో రూగర్ ఎం77 కూడా 1968 నుంచి అదే దారి పట్టింది, ఉక్కులోనే గుంట మలిచి రింగు దానిలో కూర్చునేలా చేసింది. చిన్న స్కోపు ఎందుకు గట్టిదో, ఈ పట్టాలు ఎందుకు గట్టివో చెప్పే కారణం ఒక్కటే. వదులయ్యే చోటే లేకుండా చేశారు.

ఈ స్కోపుకు లోపాలు లేవని చెప్పను. .375 తూటా పొడవు 91 మిల్లీమీటర్లు, దాన్ని మింగే రైఫిల్ పొట్టా పొడవే. అంత పొడవు మీద ముందు రింగుకూ వెనక రింగుకూ మధ్య దూరం ఎక్కువ. జానెడు లేని గొట్టం రెండింటికీ అందడమే కష్టం. కొన్ని రైఫిళ్ల మీద లోపలికి జరిగిన రింగులు పెట్టుకోవాల్సిందే. మూడు వందల గజాల అవతల నిలబడ్డ చిన్న జింకను రెండున్నర రెట్లతో గురిచూడడం కూడా ఇబ్బందే. అలాంటి వేట కూడా ఉంటే అదే కంపెనీ 1.5–5×20 తీసుకోవచ్చు. జూమ్ ఉన్నా తేలికే, ముందు మూతి విచ్చుకోదు. దున్న ఒక్కటే పనైతే నా ఓటు ఈ చిన్నదానికే.

మన దగ్గర ఈ సంగతి అక్కరకొచ్చేది ఎయిర్ రైఫిల్ కొనుక్కునేవాళ్లకు. లైసెన్సు అక్కర్లేని 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగు తుపాకీ చూడ్డానికి సాధువు. కానీ దానిలో బరువైన పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ వెళ్లి ఆగినప్పుడు ముందుకు తంతుంది. వెనక తన్నుకు మాత్రమే బిగించిన స్కోపులు ఈ ముందు తన్నుకు లోపల విరుగుతాయి. పెద్ద రైఫిల్ మీద ఏళ్లు బతికిన స్కోపు దీని మీద వారంలో పోయిన ఉదంతాలున్నాయి. కొనేటప్పుడు స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కు పనికొస్తుందని రాసి ఉందో లేదో అడగండి.

వేట సంగతికొస్తే, మన దేశంలో ఆ తలుపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మూసింది, మూయాల్సిందే. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువును చంపాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. అంతకుముందు రోజుల్లో తిరుపతి చుట్టుపక్కల మామండూరు, చామల అడవుల్లో నరభక్షకుల వెంట తిరిగిన కెనెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 వించెస్టర్. అదీ గట్టిగా తన్నేదే. ఇనుప గురితోనే చాలా దగ్గర నుంచి కాల్చేవాడు. ఆఫ్రికాలో పెద్ద వేటగాళ్లు ఇప్పటికీ స్కోపు కింద ఇనుప గురి ఉంచుకుంటారు, చటుక్కున ఊడే రింగులు పెట్టుకుంటారు. స్కోపు మీద ఎంత నమ్మకం ఉన్నా అడవిలో రెండో దారి ఉంచుకోవడం తెలివైన పని. గురి రెండున్నర అంగుళాలు తప్పితే దున్న చావకపోవచ్చు, గాయంతో పొదల్లోకి పోవచ్చు. ఆ జంతువు పడే బాధకూ, దాన్ని వెతుక్కుంటూ వెళ్లే ట్రాకర్ ప్రాణానికీ ఆ వెంట్రుకవాసే పూచీ. స్ప్రింగు గురించి ఇంతసేపు మాట్లాడింది అందుకే.

కొనాలనుకునేవాళ్లు దుకాణంలో అద్దం ఎంత తేటగా ఉందో చూసి మురిసిపోతారు. అది చూడండి, కానీ అక్కడితో ఆగకండి. రింగుల మరలకు నూనె లేకుండా తుడిచి, కంపెనీ చెప్పిన బిగింపుకు టార్క్ రెంచితో బిగించండి. ఎక్కువ బిగిస్తే పల్చటి గొట్టం నొక్కుకుపోయి లోపలి గొట్టం ఇరుక్కుంటుంది. తర్వాత ఆ రైఫిల్‌లో నిజంగా వాడబోయే తూటాలతోనే కాల్చండి. ఒక గుండు కాల్చి, ఇరవై క్లిక్‌లు కుడికి, ఇరవై కిందికి, ఇరవై ఎడమకు, ఇరవై పైకి తిప్పి, ప్రతి మలుపుకూ ఒకటి కాల్చండి. కాగితం మీద చతురస్రం మూసుకుని చివరి గుండు మొదటిదాని పక్కన పడాలి. మా టూ–పెగ్ టెస్ట్‌కు ఇది తోబుట్టువు. విమానం దిగాక, వేటకు వెళ్లే ముందు, ఇంకో రెండు తూటాలు ఖర్చు పెట్టి గురి చూసుకోండి.

ఆ పెద్దాయన 2.5×20ను బిగించాక, రింగు అంచు స్కోపును తాకేచోట నేను పెన్సిల్‌తో సన్నగా గీత గీశాను. సర్వేలో నాకు అలవాటైన పని. రెండు వారాంతాల్లో ఆయన నలభై తూటాలు కాల్చాడు. చివరి మూడూ నూరు గజాల దగ్గర అరచేతిలో ఇమిడేంత దగ్గరగా పడ్డాయి. భూతద్దం తెప్పించి పెన్సిల్ గీత చూశాను. గీసినచోటే ఉంది.